సంక్రాంతి స్టేజీ మీద పెద్ద వస్తువు తీయాలి, పక్కలన్నీ తెరిచే ఉంటాయి: ఎలా?

లంకమాస్టారు
అందరికీ నమస్కారమండీ. అమలాపురం దగ్గర ఓ లంక గ్రామంలో హైస్కూల్లో సైన్సు చెబుతుంటాను. రూమాళ్లు, తాళ్లు, నాణేలతో బడిపిల్లలకి మేజిక్ చేసి చూపించడం చాలాకాలంగా అలవాటు. ఈసారి సంబరాల కమిటీవాళ్లు కనుమ రాత్రి అరగంట టైమ్ ఇచ్చారు. పగలంతా ప్రభల తీర్థంలో తిరిగొచ్చిన జనం, పైగా నా తర్వాత డాన్స్ ప్రోగ్రాం. వాళ్ల ముందు నాణెం చూపిస్తే నాలుగో వరసలో వాళ్లు లేచి వెళ్లిపోతారు. అందుకని చివర్లో ఏదైనా పెద్ద వస్తువు, ఖాళీగా చూపించిన చోటు నుంచి తీయాలని ఉంది. "ఇంతది ఎక్కణ్ణుంచి వచ్చిందిరా" అనాలి జనం.

స్టేజీ సంగతి చెబుతాను. రెండు ట్రాక్టర్ తొట్టెలు జత చేసి పైన బల్లలు పరుస్తారు. వెనక ఒక్క షామియానా గుడ్డ, పక్కల అడ్డమేమీ ఉండదు. పిల్లలు స్టేజీని ఆనుకుని నేలమీద కూర్చుంటారు. ఎడమవైపు రామాలయం అరుగు నిండా ఆడవాళ్లు, కుడివైపు డాబా మీద కుర్రాళ్లు. ఖర్చు ఐదు వేలు దాటకూడదు. ఏం చేస్తే బాగుంటుందో కాస్త చెప్పండి.

భీమవరం_బుల్లోడు
సంక్రాంతికి ఏం తీయాలో కూడా అడగాలా మాస్టారూ? పందెం పుంజుని తీయండి. జనం చప్పట్లు కూడా కొట్టరు, అక్కడే బరి గీసేస్తారు. లేదంటే పులస తీయండి. శ్రావణంలో ఎర్రనీటికి ఎదురొచ్చే చేపని పుష్యమాసంలో తీస్తే, ఎలా తీశారని ఎవడూ అడగడు, ఎంతకిస్తారని అడుగుతాడు.

కాకినాడ_కనికట్టు
బుల్లోడు గారు సరదాకి అన్నా నిజంగా పుంజుని పెట్టేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నా. ప్రాణమున్నవి వద్దండి. జంతువులతో, పక్షులతో ప్రదర్శన ఇవ్వాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం ముందే నమోదు చేయించుకోవాలి. రామచిలకైతే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంట్లో పెంచుకోవడమే నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, చీకటి పెట్టెలో కూర్చున్న పుంజు మీరు చెప్పేదాకా ఆగదు. మీరు "చూడండి, ఖాళీ" అనేసరికి లోపల్నుంచి కూస్తుంది.

మాస్టారూ, వస్తువు ఏమిటనేది తర్వాత. మీరు స్టేజీ మీదకి ఏ వేషంలో వస్తారు? బల్ల ఉంటుందా? పక్కన సాయానికి ఎవరైనా ఉంటారా? అవి ముందు చెప్పండి.

లంకమాస్టారు
తెల్ల పంచె, చొక్కా అమ్మా, రోజూ బడికి వెళ్లేదే. కోటూ టోపీ వేసుకుంటే మా ఊళ్లో నవ్వుతారు. బల్ల ఒకటి పెట్టుకోవచ్చు. సాయానికి తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఇద్దరు, డ్రిల్లు మాస్టారు ఒకాయన.

పాలకొల్లు_పాతకాపు
మాస్టారూ, వయసు మీద పడి స్టేజీ మానేశాను గానీ ఈ ప్రశ్న చూస్తే చెయ్యి ఊరుకోలేదు.

తీసే వస్తువుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి నొక్కితే అణిగి, వదిలితే ఉబ్బేవి. స్ప్రింగు పూలు, స్పాంజి బొమ్మలు, సిల్కు రూమాళ్లు, కాగితం చుట్టలు, మడత లాంతర్లు. రెండోది, ఎంత నొక్కినా అణగనివి. కొబ్బరికాయ, ఇత్తడి బిందె, నీళ్ల గిన్నె, మనిషి.

కొత్తగా చేసేవాళ్లు మొదటి జాతితోనే ఆట మొత్తం నడిపేస్తారు. బుట్టెడు పూలు, నూరడుగుల రంగు కాగితం. చూడ్డానికి నిండుగానే ఉంటుంది. కానీ మూడో వస్తువు దగ్గరికొచ్చేసరికి జనానికి తెలిసిపోతుంది, అంతా మడతపెట్టి ఉంచాడని. తెలియనివ్వండి, అది మనకే మంచిది. అన్నీ మడత సరుకే అని వాళ్లు గట్టిగా అనుకున్నాక, అప్పుడు మడత పడనిది ఒకటి తీసి ధబ్బుమని కింద పెట్టాలి. ఆ శబ్దం వెనక వరసదాకా వినపడాలి.

ఈ సంగతి బాగా పట్టుకున్న మనిషి ఫ్రెంచి ఇంద్రజాలికుడు బువాటియే ద కోల్టా. కాగితం పొట్లంలోంచి కుప్పలుగా రాలే స్ప్రింగు పూలు ఆయన బుర్రలో పుట్టినవే. ఆయనే చివరి రోజుల్లో ఇంకోటి చేసేవాడు. చేతిసంచీలోంచి ఓ చిన్న పాచిక తీసి బల్లమీద పెడితే, అది చూస్తుండగానే మనిషి పట్టేంతగా పెరిగేది, దాన్ని ఎత్తితే కింద ఆయన భార్య కూర్చుని ఉండేది. 1903లో పోయాడు. పూలు అందరికీ మిగిలాయి, పాచిక మాత్రం ఆయనతోనే పోయినంత పనైంది.

యానాం_వీధి
పాతకాపు గారు ఫ్రాన్సు దాకా వెళ్లారు కాబట్టి మా యానాం తరఫున నేనూ ఓ మాట. రాబర్ట్ హూడిన్ అనే ఫ్రెంచి ఇంద్రజాలికుడు 1845లో పారిస్‌లో సొంత థియేటర్ తెరిచాడు. ఆయన ఐటమ్ ఒకటి, బొమ్మలు దాచుకునే పల్చటి అట్ట ఫైలు. దాన్ని సన్నటి స్టాండు మీద పెట్టి, అందులోంచి ముందు బొమ్మలు తీసేవాడు. ఫైల్లో బొమ్మలుంటే వింతేముంది? తర్వాత ఆడవాళ్ల టోపీలు, పావురాలు, రాగి గిన్నెలు. ఆ గిన్నెల్లో ఒకదాంట్లో మంట మండుతుండేది. ఆపైన పక్షులున్న పంజరం. అన్నీ అయ్యాక అట్ట మూసేస్తే అది దానంతటదే తెరుచుకుని ఆయన కొడుకు తల బయట పెట్టేవాడు.

నాకు నచ్చేది వరస. బొమ్మతో మొదలుపెట్టడంలోనే ఉంది తెలివంతా. ఒక్కసారిగా పిల్లాణ్ణి తీసి ఉంటే, కింద ఏదో కంత ఉందని ముందే వెతికేవాళ్లు.

తెర_వెనక
అయితే మాస్టారు కూడా మనిషినే తీయొచ్చుగా? మా మేనల్లుడు ఆరేళ్లవాడు, బక్కపల్చగా ఉంటాడు. పెట్టెలో రెండో గోడ పెట్టి వెనకాల కూర్చోబెడదాం. నేను లైటింగ్, సౌండ్ పనికి ఊరూరూ తిరుగుతుంటాను, కావాలంటే వస్తా.

కాకినాడ_కనికట్టు
వద్దు అన్నయ్యా. పిల్లల్ని పెట్టెలో పెట్టాలంటే గాలి కన్నాలు ఉండాలి, గడియ లోపల్నుంచి తెరుచుకోవాలి, ఇంకో పనేమీ లేకుండా వాడిమీదే కన్నేసి ఉంచే పెద్దమనిషి ఒకరుండాలి. పైగా ఎన్నోసార్లు రిహార్సల్ చేయించి, చీకటికి భయపడడని నమ్మకం కుదిరాక. కనుమ రాత్రి పక్కన డప్పులు, టపాకాయలు. ఆరేళ్ల పిల్లాడు లోపల ఏడిస్తే ఎవరికి వినపడుతుంది? ఐదు వేల బడ్జెట్‌లో చేసే పని కాదు.

తెర_వెనక
నిజమేలే అక్కా. మా అక్క చదివితే నన్ను పెట్టెలో పెడుతుంది.

లంకమాస్టారు
పిల్లల మాట నాక్కూడా వద్దు. అద్దాల సంగతి చెప్పండి. బల్ల కింద ఖాళీగా కనపడుతుంది, కానీ అద్దం వెనక మనిషి కూర్చునేంత చోటు ఉంటుందట కదా. కాంతి పరావర్తనం పాఠం ఎలాగూ చెబుతాను, ఓ దెబ్బకి రెండు పిట్టలు.

యానాం_వీధి
అది 1865 నాటిది. లండన్ ఈజిప్షియన్ హాల్లో ఆ ఏడు అక్టోబరులో స్టోడేర్ అనే ఆయన చూపించాడు. మూడు కాళ్ల బల్లమీద ఓ పెట్టె, అందులో స్ఫింక్స్ (ఈజిప్టు వాళ్ల మనిషితల సింహం బొమ్మ) తల, అది కళ్లు తెరిచి మాట్లాడుతుంది. ఆలోచన థామస్ టోబిన్‌ది. బల్ల కాళ్ల మధ్య రెండు అద్దాలు 45 డిగ్రీల ఏటవాలుగా నిలబెడితే, అవి రెండు పక్కల తెరల్నీ చూపిస్తాయి. పక్క తెరా వెనక తెరా ఒకటే రంగైతే, చూసేవాళ్లు వెనక తెరే కనపడుతోందనుకుంటారు. తర్వాత పారిస్‌లో ఎవరో ఇలాంటిదే పెడితే, ఆకతాయిలు కాగితం ఉండలు చేసి బల్ల కిందకి విసిరారట. ఉండలు అద్దానికి తగిలి వెనక్కొచ్చాయి, అంతే.

ఉలి_బాడిస
నేను వడ్రంగిని, స్టేజీ సామాను కూడా చేస్తుంటాను. మాస్టారు చెప్పిన చోట అద్దం పెట్టారంటే కొంప మునుగుతుంది. యానాం గారు చెప్పిన దాంట్లోనే ఉంది కారణం. అద్దం పక్కల్ని చూపిస్తుంది. మీకు పక్కన తెర లేదు. బల్ల కింద చూస్తే రామాలయం అరుగు మీద కూర్చున్న మీ ఊరి ఆడవాళ్లే కనపడతారు. కిందనున్న పిల్లలకి స్టేజీ బల్లల సందులు అద్దంలో విరిగి కనపడతాయి. ట్యూబులైటు దాంట్లో మెరిస్తే ఇక చెప్పేదేముంది. ట్రాక్టర్ తొట్టెమీద ఎవరైనా నడిస్తే బల్లలు కదులుతాయి, అద్దమూ కదులుతుంది.

దానికన్నా వంపు బల్ల చేయించుకోండి. పైచెక్క అంచు ఒకటిన్నర అంగుళం మందమే ఉంటుంది. అంచు దాటి లోపలికి వెళ్లేకొద్దీ అడుగుభాగం ఏటవాలుగా దిగి, నడిమధ్యకొచ్చేసరికి ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు వస్తుంది. ఆ కడుపులో సరుకు. అంచుకి పసుపో ఎరుపో మెరిసే చార, ఏటవాలుకంతా మెరవని నల్లరంగు. కన్ను అంచు దగ్గరే ఆగి, బల్ల అంతే మందం అనుకుంటుంది. పైన చిన్న తలుపు, చర్మం పట్టీతో. ఇనుప బందులు వేస్తే కిర్రుమంటాయి.

పాలకొల్లు_పాతకాపు
బాడిస గారి పనితనానికి దండం. కానీ బాబూ, ఆ బల్ల హాల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి. ఇక్కడ స్టేజీ నాలుగడుగుల ఎత్తు, దానిమీద బల్ల ఇంకో రెండడుగులు. ముందున్న పిల్లలు నేలమీద. వాళ్ల కన్ను బల్ల అడుగునే చూస్తుంది. కడుపు మొత్తం కనపడుతుంది. పెద్దలు ఊరుకున్నా పిల్లలు ఊరుకోరు, "మాస్టారూ, కింద పొట్ట ఉందండీ" అని అరిచి మరీ చెబుతారు. డాబా మీద కుర్రాళ్లకేమో పైనున్న తలుపు తెలుస్తుంది.

ఉలి_బాడిస
అవునండీ, నేల మీద పిల్లల సంగతి ఆలోచించలేదు. అయితే నా చేతిలో పని లేనట్టే.

భీమవరం_బుల్లోడు
అన్నీ కొట్టేశారు. ఇక ఏనుగే గతి. అమెరికా మేజీషియన్ హుడీని ఏనుగుతో చేశాడుగా.

యానాం_వీధి
ఆయన చేసింది తీయడం కాదు, మాయం చేయడం. 1918 జనవరి, న్యూయార్క్ హిప్పోడ్రోమ్, ఏనుగు పేరు జెన్నీ. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మాయం చేశాక చూడ్డానికి ఏమీ మిగలదు, జనం కాసేపు ఖాళీ చోటు చూసి ఊరుకుంటారు. తీసినది మాత్రం ఆట అయ్యేదాకా ఎదురుగానే ఉంటుంది. వాళ్లు దాన్నీ మిమ్మల్నీ మార్చి మార్చి చూస్తూ లెక్కలు కడతారు. అందుకే తీసే చోటు మీద అంత అనుమానం.

పాలకొల్లు_పాతకాపు
సరిగ్గా చెప్పారు. అందుకే అసలు చోటే లేకుండా చేయడం మంచిది. పెట్టె ఉంటే పెట్టె మీద అనుమానం, బల్ల ఉంటే బల్ల మీద. చైనావాళ్ల పద్ధతి చూడండి, వాళ్లకి పెట్టె లేదు. చింగ్ లింగ్ ఫూ అనే ఆయన 1898లో అమెరికా వెళ్లి, ఒక్క గుడ్డ ఇటూ అటూ చూపించి, కింద పరిచి ఎత్తేవాడు. నీళ్లతో నిండిన పెద్ద గిన్నె ఉండేది. ఒక్కోసారి దాని వెంట పిల్లాడు కూడా. గిన్నె ఆయన పొడుగు అంగీ కిందే ఉండేది. అంత బరువుతో మామూలుగా నడవాలి, వంగాలి, నవ్వాలి. కష్టమంతా నడకలోనే. అది చూసి రాబిన్సన్ అనే అమెరికావాడు చైనా వేషం కట్టి చుంగ్ లింగ్ సూ అని పేరు పెట్టుకుని, ఈయనకన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. చివరికి 1918లో లండన్‌లో తుపాకి గుండు పట్టుకునే ఐటమ్‌లో నిజంగానే గుండు తగిలి పోయాడు.

మాస్టారుకి చైనా అంగీ అక్కర్లేదు. వస్తువుని దాచేంత బట్ట ఏదైనా ఒంటిమీదకి రావాలి, అది ఎందుకు వచ్చిందో జనానికి ముందే తెలిసి ఉండాలి. అంతే.

కాకినాడ_కనికట్టు
హరిదాసు వేషం ఎలా ఉంటుంది? సంక్రాంతి నెలంతా ఇంటింటికీ వస్తాడు, ఆ వేషాన్ని ఎవరూ అనుమానించరు. నెత్తిన అక్షయపాత్ర ఉండనే ఉంది. పిల్లల చేత గుప్పెడు బియ్యం పోయించి, అందులోంచి రూమాళ్లూ పూలూ...

లంకమాస్టారు
ఆలోచన బాగుందమ్మా, కానీ చేయలేను. మా ఊరికి వచ్చే హరిదాసు గారు తిరిగినంతసేపూ పాత్ర దించరు, ఎవరితోనూ మాట్లాడరు. అది ఆయన నియమం. నేను ఆ పాత్ర బల్లమీద పెట్టి రూమాళ్లు లాగితే ముందు వరసలో ముసలమ్మలు బాధపడతారు. ఆయన కూడా ఆ రాత్రి అక్కడే ఉంటారు.

కాకినాడ_కనికట్టు
అయితే వద్దు. సరైన మాట అన్నారు.

తెర_వెనక
నేనొకటి చెబుతా, తిట్టకండి. మేజిక్ నాకు తెలియదు, ఫంక్షన్లు తెలుసు. మన జిల్లాల్లో ఏ స్టేజీ మీదైనా తప్పనిది ఒకటుంది: సన్మానం. సర్పంచి గారు వస్తారు, కమిటీ వాళ్లు పదిమంది ఎక్కుతారు, ఎవరు ఎక్కడ నిలబడాలో తోసుకుంటారు, ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండి" అంటాడు, ఆ గుంపులో శాలువా కప్పుతారు. మైకులో పేర్లు చదువుతుంటారు. ఆ రెండు నిమిషాలు ఎవరి చేతిలో ఏముందో దేవుడికి కూడా తెలియదు. నా వైర్లు ఎవరో తొక్కుతారని టెన్షన్‌తో నేనొక్కణ్ణే కింద చూస్తుంటాను.

మాస్టారికి ఎలాగూ శాలువా కప్పుతారు కదా?

పాలకొల్లు_పాతకాపు
నాయనా! ఇన్నేళ్లు స్టేజీ మీద ఉండి ఎన్ని శాలువాలు కప్పించుకున్నానో, ఒక్కసారీ తట్టలేదు.

మాస్టారూ, ఇదే మీ ఐటమ్. బట్ట మీది కాదు, కమిటీది, కొని తెచ్చింది వాళ్లే. కప్పింది సర్పంచి గారు. దాన్ని అనుమానించే మనిషి ఉండడు. సన్మానం అంటే ప్రోగ్రాం అయిపోయిందనే లెక్క, జనం చూపు సడలుతుంది, సగం మంది పక్కవాళ్లతో మాటల్లో పడతారు. మీరు అప్పుడు మైకు తీసుకుని, "సర్పంచి గారు నాకు శాలువా ఇచ్చారు, ఉత్త చేతులతో పంపితే బాగోదు" అనండి. శాలువా ఒంటిమీదే ఉంచి, ఓ కొస ఎత్తి రెండువైపులా చూపించండి. తర్వాత దాన్ని ఒంటిమీద నుంచి అలాగే కింద పీట మీదకి దించి ఎత్తండి.

లంకమాస్టారు
ఏముండాలి పీట మీద? నేను పనసకాయ అనుకున్నాను.

భీమవరం_బుల్లోడు
జనవరిలో పనసకాయ తీస్తే అదీ పులస లెక్కే. గుమ్మడికాయ తీయండి. పండక్కి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఈసారి నేను సీరియస్‌గానే చెబుతున్నా.

పాలకొల్లు_పాతకాపు
గుమ్మడికాయే. గుండ్రంగా ఉంటుంది, బట్టకి పట్టుకోదు, బరువెంతో చూసే ప్రతివాడికీ చేత్తో తెలుసు. ఐదారు కిలోలది చాలు. ఒక్క భుజానికి వేలాడదీయకండి, ఒకవైపు ఒరిగిపోతారు. ఆ బరువు నడుముకి రావాలి. వారం ముందు నుంచీ ఇంట్లో అంత బరువు కట్టుకుని తిరగండి, కుర్చీలోంచి లేవండి, మెట్లు ఎక్కండి. మీ ఇంటావిడ "ఏమిటలా నడుస్తున్నారు" అనడం మానేసిన రోజున సిద్ధమైనట్టు.

జోలె కొలతలు, కొక్కెం ఎక్కడ పెట్టాలి, గుంపులో ఎవరు అందించాలి, ఇవన్నీ ఇక్కడ రాయను. విడిగా మెసేజ్ పెడతాను.

ప్రశ్నించు
ఇదే నాకు నచ్చదండీ. గుట్టు ఎందుకు దాచాలి? విభూది సృష్టించే బాబాలు కూడా ఇదే చెబుతారు. మేము ఊళ్లలో ఇవే ఐటమ్స్ చేసి, ఎలా చేశామో విప్పి చెబుతాం. జనం మోసపోకుండా ఉంటారు. మాస్టారు సైన్సు టీచరు, ఆయనే దాచితే ఎలా?

పాలకొల్లు_పాతకాపు
మీరు చేసే పని మంచిదే, వద్దనను. కానీ బాబా తన దగ్గర మహిమ ఉందంటాడు. మాస్టారు ఉందనడం లేదు, టికెట్టు లేని మేజిక్ షో అని కమిటీవాళ్లే మైకులో చెబుతారు. 1865 నాటి అద్దాల సంగతి ఎవరైనా రాసుకోవచ్చు, పుస్తకాల్లో ఎప్పుడో వచ్చేసింది. వచ్చేవారం ఒకాయన చేయబోయే ఐటమ్‌ని ముందే విప్పితే, ఆ ఊరి పిల్లలు ఫోన్‌లో చదివి కూర్చుంటారు.

లంకమాస్టారు
ప్రశ్నించు గారూ, నా మటుకు నాది మధ్యేమార్గం. షో మొదట్లోనే "నా దగ్గర మంత్రాల్లేవు, అంతా చేతిపని" అని చెబుతాను. బడి తెరిచాక అద్దాల పెట్టె ఒకటి చిన్నది చేసి, పరావర్తనం పాఠంలో విప్పి చూపిస్తాను. గుమ్మడికాయ మాత్రం చెప్పను.

ప్రశ్నించు
ఆ మొదటి మాట మైకులో గట్టిగా చెబితే నాకు పేచీ లేదు.

కాకినాడ_కనికట్టు
ఇక మధ్యలో చేసే మడత సరుకు. గుమ్మడికాయకి ముందు పది నిమిషాలు జనం చూడాల్సింది ఇదే, కాబట్టి శ్రద్ధగా చేయండి.

సిల్కు అంటే మన పట్టు కాదు. ఉప్పాడ చీర ఎంత పల్చనైనా జరీ ఉంటే అణగదు, జారదు. పల్చటి చైనా సిల్కు రూమాళ్లు కావాలి. మడత ఇలా: రూమాలు బల్లమీద పరిచి, రెండు పక్కల నుంచీ సన్నగా మడుస్తూ మధ్యకి తీసుకురండి. వచ్చిన పట్టీని కిందకీ పైకీ పేర్చండి, పూతరేకు మడిచేటప్పుడు ఉండే సుతారం కావాలి. చుట్ట చుట్టకండి, చుడితే తీసేటప్పుడు మెలిక పడుతుంది. చివరి కొస పైకి కనపడేలా ఉంచి, కుట్టుమిషన్ దారం ఒక్క చుట్టు కట్టండి. బొటనవేలు దూర్చి లాగితే పుటుక్కున తెగాలి. రెండు చుట్లు కట్టారా, స్టేజీ మీద పళ్లతో కొరకాలి.

స్ప్రింగు పూలు కాగితంవి కొనకండి. మీ లంకల్లో రాత్రి మంచుకి మెత్తబడి తెరుచుకోవు. గుడ్డ పూలు కొనండి, ఆట ముందు ఎండలో పెట్టండి. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పడుతుంది, ఇంటికెళ్లాక కాస్త కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టుకోండి. నోట్లోంచి తీసే కాగితం చుట్ట ఒకటి ఉంచుకోండి. చవకైనది, డాబా మీద నుంచి కూడా కనపడుతుంది.

పాలకొల్లు_పాతకాపు
ఒక చెంబు కూడా పెట్టుకోండి. పి.సి. సర్కార్ 'వాటర్ ఆఫ్ ఇండియా' అని చేసేవారు. చెంబులో నీళ్లన్నీ వంపేసి, బోర్లించి చూపించి, పక్కన పెట్టి వేరే ఐటమ్ చేసేవారు. అది అయ్యాక మళ్లీ చెంబు వంపితే మళ్లీ నీళ్లు. షో అంతా మధ్యమధ్యలో అదే. 1913లో పుట్టి 1971 జనవరిలో జపాన్‌లో ప్రదర్శనలు ఇస్తూనే పోయారు, ఆ చెంబు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. మీకు దానివల్ల ఇంకో లాభం ఉంది. ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య బల్ల సర్దుకునేటప్పుడు జనం చెంబు వైపు చూస్తారు.

ఉలి_బాడిస
పీట నేను చేసిస్తా మాస్టారూ, చెక్క ఖర్చు ఇవ్వండి చాలు. మామూలు పీటే, మోసం ఏమీ ఉండదు. టేకు కాదు, మామిడి చెక్కతో అడుగు బోలుగా చేస్తా. కాయ పడితే డప్పు మోగినంత శబ్దం వస్తుంది. షోకి ముందు పిల్లల చేతికిచ్చి తిప్పి చూపించండి.

లంకమాస్టారు
ముక్కనుమ రోజు రాస్తున్నాను. అందరూ అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా.

రూమాళ్లు, పూలు బాగానే నడిచాయి. "అన్నీ మడతపెట్టి తెచ్చాడురా" అని డాబా మీద నుంచి ఒకడు అరిచాడు. పాతకాపు గారు చెప్పినట్టే నవ్వి ఊరుకున్నాను. సన్మానం అనగానే జనం సగం లేచారు. డాన్స్ వాళ్లు స్టేజీ పక్కన సిద్ధమవుతున్నారు. శాలువా కప్పారు, ఫొటో తీశారు, అందరూ దిగారు. నేను మైకు వదల్లేదు.

పీట మీద కాయ పడ్డ శబ్దానికి ముందు డాన్స్ పిల్లలు అరిచారు. జనం వెంటనే చప్పట్లు కొట్టలేదు, రెండు క్షణాలు ఆగారు. సర్పంచి గారు మెట్ల దగ్గర నుంచి వెనక్కొచ్చి గుమ్మడికాయని కాలితో తట్టి చూశారు. మా ఏడో తరగతి పిల్ల ఒకతి ముందు నుంచి, "స్పాంజి కాయండీ, కోసి చూపించండి" అంది. కత్తిపీట తెప్పించి అక్కడే కోయించారు. ముక్కలు పంచితే సరిపోలేదు.

డ్రిల్లు మాస్టారు ఏం చేశారో చెప్పను గానీ, ఫొటోల్లో ఆయన ఎక్కడా లేరు.

భీమవరం_బుల్లోడు
వచ్చే సంక్రాంతికి మీ ఊళ్లో శాలువా కప్పించుకునేవాడిని ముందు జేబులు తడుముతారు.

తెర_వెనక
మాస్టారూ, అంతర్వేది తీర్థంలో మావాళ్లు ఒక స్టేజీకి లైట్లు కడుతున్నారు. అక్కడ మేజిక్ చేసే కుర్రాడొకడు ఈ ఐటమ్ చేస్తానంటున్నాడు. సన్మానం ఉంటుంది. చేయమనమంటారా?

పాలకొల్లు_పాతకాపు
చేయమను, మాస్టారి ఊరికి దూరమే కదా. అయితే అది సముద్రం పక్కన, గాలి ఊరుకోదు. శాలువా ఎగిరిందంటే కాయ కాదు, కొక్కెం కనపడుతుంది. కమిటీవాళ్లు కొనే శాలువా ఏ దుకాణందో ముందు తెలుసుకుని, అలాంటిదే ఒకటి తెచ్చి, కింది అంచు మడతలో చిన్న ఇనుప నట్లు జానెడు దూరానికొకటి కుట్టించమను. కప్పే సమయానికి పళ్లెంలో ఉండాల్సింది అదే. గుమ్మడికాయ కూడా మార్చమను. లంకల్లో ఆ మాట ఈపాటికి పాకి ఉంటుంది. పుచ్చకాయ వద్దు, పడితే పగులుతుంది. కొబ్బరికాయలైతే వలవనివి రెండు, తాడుతో జతగా కట్టినవి.